మామిడిపండును వదిలేసి, ముందు అందరి వేళ్ల సందులు చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పరకాల దగ్గర ఒక పల్లె. మా బాబుకు ఆరేళ్లు. పోయిన ఎండాకాలంలో రెండు సెగగడ్డలు లేచి వాటంతటవే తగ్గాయి. ఈసారి మార్చి నుంచి ఆగడం లేదు. పిరుదుల మీద, తొడల మీద ఒకటి మానుతుంటే ఇంకొకటి లేస్తోంది. ఇప్పుడు కుడి తొడ మీద నిమ్మకాయంత గడ్డ ఉంది. గజ్జలో బిళ్ల కట్టింది, రాత్రి ఒళ్లు వెచ్చబడింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసినప్పుడల్లా రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే దురద తగ్గింది కానీ పుండ్లు ఎక్కువయ్యాయి. మూడేళ్ల పాపకు ముక్కు కింద పుండు లేచి పచ్చగా చెక్కు కట్టింది. మా అత్తమ్మ ఇదంతా మామిడిపండ్ల వేడి అంటోంది. చీము పడుతుందని పప్పు, గుడ్డు, వంకాయ మాన్పించింది. రక్తం చెడిందని కొందరు, షుగరేమోనని కొందరు అంటున్నారు. బాబు రాత్రిళ్లు గోక్కుంటూ సరిగా నిద్రపోడు. హాస్టల్లో చదివే మా పెద్దమ్మాయి కూడా సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఒళ్లంతా దురద అంది. గడ్డ కోయిస్తే లోపలికి పాకుతుందని భయంగా ఉంది. రక్తం శుభ్రపడే మందు ఏదైనా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో ఆగడానికి వీల్లేనిది ముందు చెబుతాను. నిమ్మకాయంత గడ్డ ఉండి, దానికి జ్వరం కూడా తోడైతే ఇక ఇంట్లో పెట్టుకుని చూడకూడదు. రేపటి ఓపీకి బాబును తీసుకెళ్లండి. పరకాల ప్రభుత్వాసుపత్రిలో చూపించండి, అక్కడివాళ్లు పంపితే వరంగల్ ఎంజీఎంకు వెళ్లండి. ఈ జవాబు మీరు చదివేసరికి గడ్డ పగిలిపోయి ఉన్నా సరే, వెళ్లడం మానకండి. గజ్జలో బిళ్ల గురించి మాత్రం భయపడకండి. కాలి నుంచి పైకి వచ్చే సూక్ష్మజీవులను అడ్డుకునే గ్రంథి అది, పని ఎక్కువై వాచింది. గడ్డ మానాక నెమ్మదిగా అదే కరుగుతుంది. దాన్ని రుద్దకండి, దాని మీద ఏమీ పూయకండి.

కోయిస్తే లోపలికి పాకుతుందన్న భయం చాలామందికి ఉంది. నిజానికి కోయకుండా, పిండుతూ ఉంటేనే పాకుతుంది. వెంట్రుక మొదట్లోకి సూక్ష్మజీవి దూరినప్పుడు ఒళ్లు దాని చుట్టూ గోడ కట్టేస్తుంది, మన ఓరుగల్లు కోటకు మట్టిగోడ, దాని లోపల రాతిగోడ కట్టినట్టు. ఆ గోడ లోపల చచ్చిన కణాలు, సూక్ష్మజీవులు కలిసి చీము అవుతాయి. రక్తంలో తిరిగే మందు ఆ గోడ దాటి చీములోకి సరిగా వెళ్లలేదు. మీ బాబుకు సూది వేసినప్పుడల్లా చుట్టూ ఎరుపు, వాపు తగ్గి, అసలు గడ్డ అలాగే ఉండిపోవడానికి ఇది ఒక కారణం. పెద్ద గడ్డ పండి మధ్యలో మెత్తబడితే చిన్న కోత పెట్టి చీము తీసేయడమే అసలు వైద్యం. మత్తు ఇచ్చి చేస్తారు, పెద్దగా సమయం పట్టదు. చీము బయటకు రాగానే సలుపు తగ్గి, పిల్లవాడు ఆ రాత్రే హాయిగా పడుకుంటాడు. చిన్న మచ్చ మిగులుతుంది, నిజమే. దానంతటది చిరిగి పగిలిన గడ్డ వదిలే మచ్చ తరచుగా ఇంతకంటే పెద్దదే ఉంటుంది.

కోత పెట్టేటప్పుడు ఒక మాట అడగండి: “సార్, చీము కల్చర్‌కు పంపుతారా?” ఒకటి రెండు గడ్డలకైతే ఈ పరీక్ష అక్కర్లేదు. మార్చి నుంచి ఆగకుండా వస్తున్నాయి కాబట్టి మీ బాబుకు కావాలి. రెండు మూడు రోజుల్లో ఏ సూక్ష్మజీవి, ఏ మందుకు లొంగుతుంది అన్నది తెలుస్తుంది. చాలామటుకు అది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే రకం అయి ఉంటుంది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించింది ఈ జాతి సూక్ష్మజీవులను పెంచుతున్న గాజు పళ్లెంలోనే. ఆ మందు వాడకంలోకి వచ్చిన కొన్నేళ్లకే, 1940ల్లోనే, దానికి లొంగని రకాలు బయటపడ్డాయి. ఇప్పుడు అంతకంటే మొండివి కూడా ఉన్నాయి. పేరు తెలియని సూది ఒకటి వేయించి, తగ్గగానే ఆపేసి, మళ్లీ గడ్డ లేవగానే ఇంకొకటి వేయించడం ఆ మొండి రకాలనే పెంచుతుంది. అందుకే ఈ సూదులు ఇక ఆపేయండి. డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే, సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు రాస్తారు, మూడో రోజుకే నొప్పి తగ్గినా చివరి మోతాదు దాకా తాగించండి.

ఇంకా చిన్నగా, గట్టిగా ఉన్న గడ్డలకు ఇంట్లో కాపడం చాలు. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాలు అద్ది ఉంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు చేయండి. గుడ్డను ముందు మీ ముంజేతి మీద పెట్టుకుని చూడండి, మీకు చురుక్కుమంటే బాబుకు కాలుతుంది. ఉల్లిగడ్డ కాల్చి కట్టినా పనిచేసేది ఆ వేడే, గుడ్డతో కాపితే అదే ఫలితం శుభ్రంగా వస్తుంది. బెల్లం సున్నం పట్టు మాత్రం వేయకండి, సున్నం పిల్లల చర్మాన్ని తినేస్తుంది. ఆ పట్టు వల్ల కాలిన పుండు గడ్డ కంటే ఎక్కువ రోజులు సతాయించడం నేను చూశాను. షాపులో దొరికే బెల్లడోనా పట్టీ కూడా చిన్నపిల్లలకు వద్దు. గడ్డ దానంతటది పగిలితే పిండకండి. కారిన చీమును తుడిచి, పుండ్లకు కట్టే పలచని గాజ్ గుడ్డ కప్పి, మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చీములో బతికున్న సూక్ష్మజీవులు ఉంటాయి.

ఇక మామిడిపండు సంగతి. బాబుకు గడ్డలు మార్చిలో మొదలయ్యాయని మీరే రాశారు. మన దగ్గర బంగినపల్లి పండి మార్కెట్‌కు వచ్చేది ఏప్రిల్‌లో. అప్పటికే లేచిన గడ్డలకు తర్వాత వచ్చిన పండు మీద నేరం మోపడం న్యాయం కాదు. మీ అత్తమ్మను తప్పుపట్టలేం. ఎండలు 40 డిగ్రీలు దాటే రోజులు, చెమటకాయలు, గడ్డలు, మామిడిపండ్లు ఏటా ఒకే కాలంలో వస్తాయి. ఏటా కలిసి కనిపించేవాటిలో ఒకటి రెండోదానికి కారణం అనుకోవడం సహజం. గడ్డలకు దారి తీసేది చెమట, బిగుతు లాగు రాపిడి, గోకుడు. మామిడి వల్ల చర్మానికి నిజంగా వచ్చే తంటా ఒకటుంది: ముచ్చిక దగ్గర కారే సొన. అది కొందరి మూతి చుట్టూ మంట పుట్టించి పొక్కులు లేపుతుంది. పండ్లను కాసేపు నీళ్లలో వేసి, కడిగి, ముచ్చిక కోసేసి పెట్టండి, తిన్నాక మూతి కడగండి. ఇక పండు నిశ్చింతగా తిననివ్వండి.

పత్యం విషయంలో మాత్రం మీ అత్తమ్మతో నేను ఏకీభవించను. పప్పు తింటే చీము పడుతుందన్న మాట వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి ఇంట్లో వింటాను. చీము తయారయ్యేది చచ్చిన తెల్ల రక్తకణాలతో, కందిపప్పుతో కాదు. పుండు మానాలంటే కొత్త చర్మం పుట్టాలి, దానికి మాంసకృత్తులు కావాలి. సరిగ్గా అవి దొరికే పప్పునూ గుడ్డునూ మాన్పించాం. పేదింటి పిల్లలకు దొరికే కాస్త బలం కూడా ఈ పత్యం పేరుతో తీసేస్తున్నాం, ఇది చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఈ రోజు నుంచే గుడ్డు పెట్టండి. వంకాయ ఇష్టమైతే వంకాయ కూడా.

రక్తం చెడలేదమ్మా. రక్తాన్ని శుభ్రం చేసే మందంటూ వైద్యంలో లేదు, అలా రాసి అమ్మే సీసాలకు డబ్బు తగలేయకండి. షుగర్ అనుమానం తీర్చుకోవడం సులభం. వేలి మీద చిన్న పోటుతో గ్లూకోమీటర్ చెప్పేస్తుంది. అతిగా దాహం, మాటిమాటికి మూత్రం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం ఉంటే ఆ పరీక్ష అదే రోజు జరగాలి. ఇవేవీ లేకపోతే ఓపీలో ఎలాగూ రక్తం తీస్తారు కాబట్టి హిమోగ్లోబిన్‌తో పాటు అదీ చూసేస్తే సరిపోతుంది. మళ్లీ మళ్లీ న్యుమోనియా వచ్చిన పిల్లలకు, లోపలి అవయవాల్లో చీముగడ్డలు వచ్చిన పిల్లలకు రోగనిరోధక శక్తి పరీక్షలు అవసరమవుతాయి. మీ ఉత్తరంలో అలాంటి జాడ లేదు.

మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు వాక్యాలు నన్ను ఆపేశాయి. బాబు రాత్రిళ్లు గోక్కుంటున్నాడు, పెద్దమ్మాయి సంక్రాంతికి దురదతో ఇంటికి వచ్చింది. సెగగడ్డ నొప్పి పెడుతుంది, సలుపుతుంది, అంతేగాని రాత్రంతా మేల్కొనేలా దురద పెట్టదు. రాత్రిపూట పెరిగే దురద, అది ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి రావడం చూస్తే నాకు మొదట తట్టేది గజ్జి. కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలవడానికి నెల, నెలన్నర కూడా పట్టవచ్చు. సంక్రాంతి జనవరి మధ్యలో, మీ బాబుకు గడ్డలు మార్చిలో. లెక్క సరిపోతోంది చూడండి. పిల్లవాడు గోక్కున్న ప్రతి గీత సూక్ష్మజీవికి తెరిచిన తలుపే. గజ్జి తగ్గకుండా గడ్డలకు ఎన్ని మందులు వాడినా కొత్తవి లేస్తూనే ఉంటాయి.

గజ్జి అనగానే ఇంట్లో చిన్నతనంగా అనిపిస్తుంది, అందుకే చాలామంది ‘ఎలర్జీ’ అని చెప్పుకుంటారు. రోజూ స్నానం చేసేవాళ్లకూ ఇది వస్తుంది. పక్కపక్కన పడుకుంటే, ఒకే దుప్పటి కప్పుకుంటే చాలు. పిల్లలంతా ఒకే గదిలో పడుకునే హాస్టళ్లలో ఇది తిరగడం మామూలే, దానికి మీ అమ్మాయిని గానీ మిమ్మల్ని గానీ ఎవరూ అనాల్సిన పని లేదు. పగటి వెలుగులో ఇంటిల్లిపాది వేళ్ల సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు చుట్టూ, పిరుదులు చూడండి. మగపిల్లల్లో పురుషాంగం మీద కూడా చూడండి. సన్నని పొక్కులు, గోకిన గీతలు కనిపిస్తే డాక్టర్‌కు ఆ చోట్లే చూపించండి. తొడ మీది గడ్డ ఒక్కటే చూపించి తిరిగి రాకండి.

షాపులో ఇచ్చిన ట్యూబు కథ కూడా ఇక్కడే తేలుతుంది. దురద టక్కున తగ్గి, పుండ్లు పెరిగాయంటే అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో ఉందేమో చదివి చూడండి. స్టెరాయిడ్ దురదను నొక్కేస్తుంది కానీ పురుగును చంపదు, పైగా చర్మం పోరాటాన్ని తగ్గించి సూక్ష్మజీవికి దారి ఇస్తుంది. ఇలాంటి క్రీములను 2018లో కేంద్రం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా కౌంటర్ మీద అడగ్గానే చేతికి వస్తూనే ఉన్నాయి. రాయడం ఆపేయండి, పారేయకుండా డాక్టర్‌కు చూపించడానికి దాచండి.

గజ్జి అని తేలితే సాధారణంగా ఇచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. రాత్రి పడుకునే ముందు మెడ నుంచి అరికాళ్ల దాకా, ఒక్క వేలి సందు కూడా వదలకుండా, గోళ్ల కింద కూడా రాయాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచి పొద్దున స్నానం చేయాలి. వారం, రెండు వారాల మధ్య మళ్లీ ఒకసారి. లేచిన పుండ్ల మీద ఎలా రాయాలో, పాపకు తలకూ రాయాలో లేదో డాక్టర్‌ను అడగండి. ఇందులో నూటికి తొంభై ఇళ్లు తప్పేది ఒక్కచోటే: దురద ఉన్నవాళ్లకే రాస్తారు. మీ ఆయన, మీ అత్తమ్మ, మీరు, ముగ్గురు పిల్లలు, దురద ఉన్నా లేకున్నా అందరూ అదే రాత్రి రాసుకోవాలి. ‘నాకేం లేదు’ అని ఒక్కరు మిగిలినా పురుగు వాళ్ల దగ్గర ఉండి తిరిగి వస్తుంది. మరుసటి ఉదయం కట్టిన బట్టలు, పక్కబట్టలు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. మే నెల ఎండ ఈ పనికి బాగా పనికొస్తుంది. ఉతకలేని బొంతలు, చెద్దర్లు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం పాటు పక్కన పెట్టండి. మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు వాడాక కూడా రెండు మూడు వారాలు కొద్దిగా దురద ఉండొచ్చు, అది చూసి మందు పనిచేయలేదని రోజూ రాయకండి.

పాప ముక్కు కింది పుండు వేరే చెట్టు కాదు, అదే వేరు నుంచి వచ్చింది. తేనె రంగు చెక్కు కట్టే ఆ పుండు పైపొర ఇన్ఫెక్షన్. అన్న ఒంటి మీది సూక్ష్మజీవో, స్ట్రెప్టోకాకస్ అనే ఇంకో రకమో దానికి కారణం. చెక్కును గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి మెల్లగా తీసి, డాక్టర్ రాసిన మ్యుపిరోసిన్ లాంటి మందు రాస్తే వారంలోపే మానుతుంది. మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచేదాకా అంగన్‌వాడీకి, పక్కింటి పిల్లల్లోకి పంపకండి. పుండు మానిపోయిన తర్వాత కూడా ఒక జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. స్ట్రెప్టోకాకస్ పుండ్లు వచ్చిన కొందరు పిల్లలకు కొన్ని వారాల తర్వాత కిడ్నీలు వాస్తాయి. పొద్దున లేవగానే మొహం, కళ్లు ఉబ్బడం, మూత్రం తగ్గడం, డికాషన్ రంగులో రావడం దాని గుర్తులు. నెల, నెలన్నర పాటు ఇద్దరి మూత్రం రంగు మీద కన్నేసి ఉంచండి. తేడా కనిపిస్తే ఆ రోజే దవాఖానకు వెళ్లాలి.

గజ్జి తగ్గాక కూడా గడ్డలు లేస్తే అప్పుడు అనుమానించాల్సింది ముక్కును. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో స్టాఫిలోకాకస్ హాయిగా కాపురం ఉంటుంది. పిల్లలు ముక్కులో వేలు పెట్టి, అదే గోటితో తొడ గోక్కుంటారు. అలాంటప్పుడు ఇంట్లో అందరికీ అయిదు రోజులు ముక్కులో రాసే మందు, క్లోర్‌హెక్సిడిన్ అనే సూక్ష్మజీవులను చంపే మందుతో స్నానం డాక్టర్ చెబుతారు. అది ఇప్పుడే మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఎవరి తువ్వాల వాళ్లకు విడిగా పెట్టడం, గోళ్లు కత్తిరించడం, ఈ ఎండల్లో మామూలు సబ్బుతో రెండుపూటలా స్నానం, వదులు నూలు లాగులు తొడగడం ఈ రోజు నుంచే చేయొచ్చు. డెట్టాల్‌ను నీళ్లు కలపకుండా పుండ్ల మీద పోయకండి.

రాత్రి, పగలు చూడకుండా వెంటనే బయల్దేరాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ముక్కు మీద, పైపెదవి మీద గడ్డ లేచి వాపు కంటికి పాకడం వాటిలో ఒకటి. అక్కడి రక్తనాళాలకు మెదడు వైపు దారి ఉంది, అందుకే ఆ చోట గడ్డను ముట్టుకోవడం కూడా తప్పే. ఎరుపు గంటగంటకూ పెరగడం, చలితో తీవ్ర జ్వరం, పిల్లవాడు మగతగా పడి ఉండటం, ఏమీ తాగకపోవడం ఇంకొన్ని. కాలు కింద పెట్టనంటున్నాడంటే, కుంటుతున్నాడంటే ‘గడ్డ నొప్పే’ అనుకోకండి, ఇన్ఫెక్షన్ ఎముకలోకి, కీలులోకి దిగి ఉండొచ్చు. రెండు మూడు నెలల లోపు పసికందుకు ఒక్క చీము పొక్కు లేచినా అదే రోజు చూపించాలి. బండి దొరక్కపోతే 108కు ఫోన్ చేయండి.

రేపు వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, మిగిలిన మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లి ఏ సూది వేశారో కాగితం మీద రాయించుకోండి, దాపరికం లేకుండా చెప్పించుకోవడం మీ హక్కు. పాపనూ తీసుకెళ్లండి. సెలవులకు ఇంటికొచ్చి ఉంటుంది కాబట్టి పెద్దమ్మాయినీ తీసుకెళ్లండి, దురద తగ్గిందని తను అన్నా సరే. తల కూడా చూపించండి, పేలు ఉంటే గోకి గోకి మెడ వెనక పుండ్లు చేసుకుంటారు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు, రెండో విడత క్రీము ఆలోపు అయిపోయేలా లెక్క చూసుకోండి. తను హాస్టల్‌కు వెళ్లేటప్పుడు వార్డెన్ మేడంకు విషయం చెప్పి, ఆ గదిలో పడుకునే పిల్లలందరికీ ఏఎన్‌ఎంతో ఒకేసారి మందు ఇప్పించమని అడగండి. లేకపోతే దసరా సెలవులకు అది మళ్లీ మీ ఇంటికే వస్తుంది.